తాళం చెవి పాత సీ డ్రైవ్‌లోనే ఉంది, ఫార్మాట్ చేయనివ్వకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2008లో కొన్న, విండోస్ ఎక్స్‌పీ ఉన్న నాన్నగారి కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. అందులోని 160 జీబీ హార్డ్ డిస్క్ తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో మీ విండోస్ 11 లాప్‌టాప్‌కు తగిలించారు. సీ డ్రైవ్‌లో నాన్నగారి పేరుతో ఉన్న ఫోల్డరు నొక్కితే 'యాక్సెస్ డినైడ్' అంటోంది. డీ డ్రైవ్‌లో ఫొటోల ఫోల్డరు మాత్రం తెరుచుకుంటోంది, కానీ లోపల ఒక్క ఫొటో కూడా తెరుచుకోవడం లేదు. ఒక్కో ఫైలు మీద చిన్న తాళం బొమ్మ కనబడుతోంది. నాన్నగారు లేరు, పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలియదు. మీ వీధిలో రిపేరు షాపతను 'సీ ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కిద్దాం, డీలో డేటాకు ఏమీ కాదు' అన్నాడు. చేయించమంటారా అని మీ ప్రశ్న.

వద్దు. కింద రాసిందంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి. డీలో ఉన్న ఫొటోల తాళం చెవి సీలో ఉంది. సీ పోతే ఫొటోలు కళ్ళ ముందే ఉంటాయి, కానీ ఇక ఎప్పటికీ తెరుచుకోవు.

ఇది ఎక్కడో చదివి చెబుతున్న మాట కాదు, 2009లో నేనే చేసిన తప్పు. అప్పుడు ఖమ్మంలో చిన్న కొట్టు నడిపేవాణ్ణి. ఒక లెక్కల లెక్చరర్‌గారు వైరస్ పట్టిన సీపీయూ తెచ్చి బల్ల మీద పెట్టారు. 'డీలో మా అమ్మాయి పెళ్ళి ఫొటోలున్నాయి బాబూ, దాన్ని మాత్రం ముట్టుకోకు' అన్నారు. నేను నిజంగానే ముట్టుకోలేదు. సీ ఫార్మాట్ కొట్టి, ఎక్స్‌పీ ఎక్కించి, సాయంత్రానికి ఇచ్చి పంపేశాను. మర్నాడు షట్టర్ ఎత్తేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. మళ్ళీ తగిలించి చూశాం. ఫొటోల పేర్లన్నీ ఆకుపచ్చ రంగులో వరసగా ఉన్నాయి, సైజులు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, ఏది నొక్కినా యాక్సెస్ డినైడ్. 'డీ ముట్టుకోలేదన్నావు కదా?' అని అడిగారు. 'ఒట్టు సార్, ముట్టుకోలేదు' అన్నాను. ఎప్పుడో ఎవరో చెబితే ఆయనే ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, ఎన్‌క్రిప్ట్ అనే గడిలో టిక్కు పెట్టుకున్నారు. పెట్టుకున్న సంగతి ఆయన మరిచిపోయారు. ఆ టిక్కుకు చెవి సీలో ఎక్కడుంటుందో నాకు తెలియదు. తెలిసేసరికి దాని మీద కొత్త విండోస్ ఎక్కి కూర్చుంది. డబ్బులు తిరిగి ఇస్తే ఆయన తీసుకోలేదు, మళ్ళీ నా కొట్టుకూ రాలేదు.

ఇక మీ డిస్క్ సంగతి. మీరు రెండుచోట్లా 'లాక్' అనే రాశారు గానీ, మీకున్నవి రెండు వేరు వేరు తాళాలు. సీలోది ఉత్త గుమ్మం దగ్గర వాచ్‌మన్. డీలోది అసలు తాళం. (మీ లాప్‌టాప్‌లో ఇవి ఈ, ఎఫ్ అనో ఇంకేదో అక్షరాలతోనో కనిపిస్తుంటాయి. నేను పాత పేర్లతోనే చెబుతాను.)

రెంటి జోలికీ వెళ్ళే ముందు డిస్క్ ఆరోగ్యం చూసుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన డిస్క్ అది. తగిలించగానే టిక్, టిక్ అని లయగా కొట్టుకుంటుంటే వెంటనే కరెంటు తీసేయండి, ఇంకోసారి ప్రయత్నించి చూద్దాం అనుకోవద్దు. లోపల హెడ్ దెబ్బతిని ఉంటే తిరిగే కొద్దీ పళ్ళేల మీద గీతలు పడతాయి. అలాంటిది డేటా రికవరీ ల్యాబ్‌కే వెళ్ళాలి, ఖర్చు వేలల్లోనే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఒకటి యూట్యూబ్‌లో తిరుగుతోంది, ఆ పని అస్సలు చేయకండి. బయటికి తీశాక లోపల తేమ పడుతుంది.

చప్పుడు లేకపోతే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. అందులో పెద్ద పట్టిక వస్తుంది. మీకు కావలసినవి మూడే వరసలు: 05, సీ5, సీ6. మొదటిది పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గడులు), రెండోది ఇప్పుడు చదవలేక ఇబ్బంది పడుతున్నవి, మూడోది ఎంత చదివినా రానివి. మూడూ సున్నా అయితే తాపీగా పని చేసుకోవచ్చు. సీ5 ఎదురుగా అంకె కనబడితే డిస్క్ చివరి రోజుల్లో ఉందనుకోండి. చవక కేబుళ్ళతో ఈ పట్టిక ఒక్కోసారి కనబడదు. కేబుల్ మార్చి చూడాలి. అన్నట్టు, డెస్క్‌టాప్ డిస్క్ కాబట్టి దానికి 12 వోల్టుల అడాప్టర్ విడిగా ఉన్న కేబులే కావాలి. లాప్‌టాప్ డిస్క్‌లకు వాడే బుల్లి కేబుల్‌తో అది తిరగదు. తిరగనిదాన్ని చూసి డిస్క్ చచ్చిపోయిందని పారేసినవాళ్ళు నాకు తెలుసు. వెనకాల సన్న పట్టీలాంటి కనెక్టర్ కాకుండా రెండు వరసల్లో పిన్నులుంటే అది పాత ఐడీఈ డిస్క్, దానికి తగ్గ అడాప్టర్ అడిగి తీసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల ఇప్పటికీ దొరకవచ్చు.

విండోస్ మధ్యలో మంచి చేస్తున్నట్టు కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. 'ఫార్మాట్ చేయాలా?', 'డిస్క్ ఇనిషియలైజ్ చేయాలా?', 'స్కాన్ అండ్ ఫిక్స్ చేయమంటారా?' అన్నింటికీ క్యాన్సిల్ కొట్టండి.

తర్వాత డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయాలి. ఫైళ్ళను కాపీ చేసుకోవడం వేరు, ఇది వేరు. మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా, ఖాళీ జాగాతో సహా, ఉన్నది ఉన్నట్టుగా ఒకే పెద్ద ఫైలుగా దించుకోవడం. ఇకపై ఏ ప్రయోగమైనా ఆ ఇమేజ్ మీదే చేస్తాం, అసలు డిస్క్‌ను బీరువాలో పెట్టేస్తాం. తప్పు జరిగితే ఇమేజ్ నకలు మళ్ళీ తీసుకోవచ్చు. నేను వాడేది ఉబుంటు, విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. పెన్‌డ్రైవ్ మీద ఎక్కించుకుని, లాప్‌టాప్‌ను దానితో స్టార్ట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా 'ట్రై ఉబుంటు' అని నొక్కితే మీ విండోస్‌కు ఏమీ కాదు. అందులో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వేసుకుని మూడు పేర్లు వరసగా ఇవ్వాలి: చదవాల్సిన డిస్క్, రాయాల్సిన ఇమేజ్ ఫైలు, ఎంతవరకు చదివిందో గుర్తు రాసుకునే మ్యాప్ ఫైలు. ఆ మ్యాప్ ఫైలు ఉంటే మధ్యలో కరెంటు పోయినా మళ్ళీ మొదటికి రానక్కరలేదు, ఆగిన చోట నుంచే సాగుతుంది. బాగున్న భాగాలను ముందు చదివేసి, మొరాయించిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది, అందుకే ముసలి డిస్క్‌లకు అది మంచిది. యూఎస్‌బీ 2 కేబుల్ మీద సెకనుకు 30 ఎంబీ చొప్పున వేసుకున్నా 160 జీబీకి దాదాపు గంటన్నర పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి. ఒకే ఒక్క జాగ్రత్త: చదివే డిస్క్, రాసే డిస్క్ తారుమారు కాకూడదు. కమాండ్ కొట్టే ముందు సైజులు చూసి, ఏది 160 జీబీ అని రెండుసార్లు సరిచూసుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ఎంటర్ కొట్టేటప్పుడు నాకు టెన్షనే.

ఇప్పుడు సీలోని వాచ్‌మన్ దగ్గరికి వద్దాం. ఎక్స్‌పీలో మొదటిసారి పాస్‌వర్డ్ పెట్టుకున్నప్పుడు, 'మీ ఫైళ్ళు, ఫోల్డర్లు ప్రైవేటు చేయమంటారా?' అని ఒక ప్రశ్న వచ్చేది. చాలామంది అవునని నొక్కేసేవారు. నాన్నగారూ అలాగే నొక్కి ఉంటారు. దాంతో ఆ ఫోల్డరు గుమ్మానికి ఒక జాబితా అతికించినట్టయింది: ఫలానా యూజర్‌కే లోపలికి ప్రవేశం అని. చిక్కేమిటంటే, ఆ జాబితాలో ఉండేది పేరు కాదు, ఎస్-1-5-21 అంటూ మొదలయ్యే పొడుగాటి నంబరు. ఆ నంబరు పాత విండోస్ ఇచ్చింది. మీ విండోస్ 11కు అదెవరో తెలియదు, అందుకే ఆ ఫోల్డరు సెక్యూరిటీ ట్యాబ్ తెరిస్తే 'అకౌంట్ అన్‌నోన్' అని ఉంటుంది. లాప్‌టాప్‌లో నాన్నగారి పేరుతోనే, అదే పాస్‌వర్డ్‌తో కొత్త యూజర్‌ను తయారు చేసినా లాభం లేదు. పేరు ఒకటే అయినా నంబరు వేరు.

కానీ లోపలి ఫైళ్ళు మామూలుగానే ఉన్నాయి, వాటికి ఏ మెలికా వేయలేదు. ఉబుంటుకు ఈ జాబితాతో పని లేదు. ఇమేజ్‌ను అక్కడే తెరిచి నాన్నగారి ఫోల్డరులోకి నేరుగా నడిచి వెళ్ళొచ్చు. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్, అన్నీ కాపీ చేసుకోండి. ఇమేజ్ తీసేశాక విండోస్‌లోనే చేస్తానంటే, ఆ ఫోల్డరు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్, అక్కడ ఓనర్ పేరు పక్కన 'ఛేంజ్' నొక్కి మీ పేరు ఇచ్చి, లోపలి ఫోల్డర్లన్నింటికీ వర్తించేలా టిక్కు పెడితే సరి. ఇది ఆ ఒక్క ఫోల్డరుకే చేయండి. తొందరలో మీ లాప్‌టాప్ సొంత సీ డ్రైవ్‌కు చేసి, విండోస్‌ను పాడుచేసుకున్నవాళ్ళను చూశాను.

అదే ఉబుంటులో డీలోని ఫొటోను నొక్కి చూడండి. అక్కడా పర్మిషన్ డినైడ్ అంటుంది. వాచ్‌మన్‌ను లెక్కచేయని ఉబుంటే ఆగిపోయిందంటే, ఇది అసలు తాళమని ఖాయమైనట్టే.

దీని పేరు ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమ్. పొట్టిగా ఈఎఫ్ఎస్. విండోస్ 2000తో వచ్చింది. ఎక్స్‌పీ హోమ్‌లో లేదు, ప్రొఫెషనల్‌లో ఉంది. మన దగ్గర అప్పట్లో నేను చూసిన అసెంబుల్డ్ కంప్యూటర్లలో దాదాపు అన్నింట్లో ప్రొఫెషనలే ఉండేది. ఎలా వచ్చేదో అడక్కండి. ఫోల్డరు మీద ఒక టిక్కు పెడితే చాలు, లోపల వేసిన ప్రతి ఫైలుకూ ఒక కొత్త చెవి తయారవుతుంది. ఆ చెవులన్నింటినీ యూజర్ పేరు మీదున్న పెద్ద చెవి కాపాడుతుంది. పెద్ద చెవిని ఇంకో పెట్టెలో పెడతారు. ఆ పెట్టె తెరుచుకునేది లాగిన్ పాస్‌వర్డ్‌తో. నాన్నగారు రోజూ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళగానే ఈ వరసంతా తెర వెనక జరిగిపోయేది. ఆయనకు తాళం వేసినట్టే తెలిసి ఉండదు. ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1 నుంచి ఇది 256 బిట్ల ఏఈఎస్ అనే గట్టి తాళం పద్ధతితో పని చేస్తుంది. దాన్ని ఎదురుగా నిలబడి బద్దలు కొట్టే మార్గం లేదు. 'సాఫ్ట్‌వేర్‌తో పగలగొడతాను, అడ్వాన్స్ ఇవ్వండి' అన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

పగలగొట్టక్కరలేదు, చెవి వెతికితే చాలు. పాత సీలో డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డరు, అందులో నాన్నగారి పేరు, అందులో అప్లికేషన్ డేటా, అందులో మైక్రోసాఫ్ట్. ఇవి దాచి ఉంచిన ఫోల్డర్లు, కనబడకపోతే హిడెన్ ఐటమ్స్ ఆన్ చేసుకోండి. అక్కడ మూడు ఫోల్డర్లు ముఖ్యం: క్రిప్టో, ప్రొటెక్ట్, సిస్టమ్ సర్టిఫికెట్స్. మొదటి దాంట్లో పెద్ద చెవి, రెండో దాంట్లో దాని పెట్టె, మూడో దాంట్లో ఆ చెవి ఎవరిదో చెప్పే సర్టిఫికెట్. మూడూ కలిపి ఒక ఎంబీ కూడా ఉండవు. 2009లో నేను తుడిచేసింది ఈ మూడింటినే.

చెవి ఆ తాళానిదేనా అని ముందే సరిచూసుకునే ఉపాయం ఒకటుంది, ఇది షాపుల్లో ఎవరూ చేయరు. డీలోని ఏదైనా ఒక ఫొటో మీద మీ లాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో సైఫర్ అనే కమాండ్‌ను స్లాష్ సీ పెట్టి (cipher /c, పక్కన ఫైలు పేరు) నడపండి. దాన్ని ఎవరు తెరవగలరో పేరు చెప్పి, కింద సర్టిఫికెట్ థంబ్‌ప్రింట్ అని 40 అక్షరాల, అంకెల వరస చూపిస్తుంది. ఇప్పుడు సిస్టమ్ సర్టిఫికెట్స్ లోపల మై, దాని లోపల సర్టిఫికెట్స్ అనే ఫోల్డరు తెరవండి. అక్కడి ఫైళ్ళ పేర్లే థంబ్‌ప్రింట్లు. రెండూ ఒకటైతే హాయిగా ఊపిరి పీల్చుకోండి. కలవకపోతే కంగారు పడే ముందు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌లో నాన్నగారి పేరుతో ఇంకో ఫోల్డరు ఉందేమో చూడండి. ఫార్మాట్ చేయకుండా విండోస్ మళ్ళీ ఎక్కిస్తే పాత ఫోల్డరును అలాగే ఉంచి, కొత్తదానికి పేరు చివర చుక్క పెట్టి కంప్యూటర్ పేరో, సున్నాలో తగిలిస్తుంది. పాత ఫోల్డరులో పాత చెవి ఉంటుంది. ఇంకా, ఇంట్లో ఉన్న పాత సీడీలు, పెన్‌డ్రైవ్‌లన్నింట్లో పీఎఫ్ఎక్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైలు వెతకండి. అది ఈ చెవికి తీసి పెట్టుకున్న నకలు. ఎక్స్‌పీ దాన్ని తీసుకోమని గుర్తు చేసేది కాదు, కాబట్టి ఉంటే అదృష్టమే.

మిగిలింది పాస్‌వర్డ్. ఇక్కడ చాలామంది చేసే ఘోరమైన పొరపాటు: పాస్‌వర్డ్ చెరిపేసే సీడీ పెట్టి, ఖాళీ చేసి, విండోస్‌లోకి దర్జాగా వెళ్ళిపోతారు. విండోస్ తెరుచుకుంటుంది, పెట్టె తెరుచుకోదు. దానికి పాత పాస్‌వర్డే కావాలి. అంటే పాస్‌వర్డ్ మార్చడం కాదు మన పని, అదేమిటో కనుక్కోవడం.

ముందు మనుషుల పద్ధతిలో వెతకండి. 2008 నాటి ఎల్ఐసీ డైరీ, పాత పంచాంగం వెనక అట్ట, సీపీయూ పక్కన అతికించిన చీటీ, ఫోన్ నంబర్ల పుస్తకంలో 'క' పేజీ. నేను చూసిన పెద్దవాళ్ళ పాస్‌వర్డుల్లో ఎక్కువ భాగం పెద్ద పిల్లాడి పేరు పక్కన 123, ఊరి పేరు, మొదటి స్కూటర్ నంబరు, ఇలవేల్పు పేరు. అమ్మగారిని అడగండి. 'తెలియదు' అన్నవాళ్ళే కీబోర్డు ముందు కూర్చోబెడితే అలవాటుగా కొట్టేసిన సందర్భాలూ ఉన్నాయి. అసలు నాన్నగారు పాస్‌వర్డే పెట్టుకోలేదనుకోండి, ఇంకా మంచిది, పెట్టె ఖాళీ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది.

దొరక్కపోతే ఎక్స్‌పీ బలహీనతే మనకు సాయం. అది పాస్‌వర్డును పాత పద్ధతిలో కూడా దాచేది: అక్షరాలన్నీ పెద్దబడిలోకి (క్యాపిటల్స్) మార్చి, ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కను విడిగా. ఏడక్షరాల ముక్కను కనుక్కోవడం ఇప్పటి కంప్యూటర్లకు పెద్ద పని కాదు. పాత సీలో విండోస్, సిస్టమ్ 32, కాన్ఫిగ్ ఫోల్డరులో శామ్, సిస్టమ్ అని రెండు ఫైళ్ళుంటాయి. ఆ రెంటినీ ఆఫ్‌క్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కు ఇచ్చి, ఎక్స్‌పీకి పనికొచ్చే టేబుల్స్ (ముందే లెక్కగట్టి ఉంచిన జాబితాలు) దించుకుని నడిపితే, మామూలు పాస్‌వర్డ్ అయితే నిమిషాల్లో వచ్చేస్తుంది. 14 అక్షరాలు దాటితే ఈ దారి పనికిరాదు. ఎక్స్‌పీ తర్వాత వచ్చిన విండోస్ విస్టా నుంచి ఆ పాత పద్ధతి మానేశారు, కాబట్టి విండోస్ 7 డిస్క్ ఉన్నవాళ్ళు ఇంత సులువుగా అవుతుందనుకోవద్దు. ఇదంతా మీ సొంత డిస్క్, మీ ఇంటివాళ్ళ డిస్క్ విషయంలోనే. ఇంకొకరి కంప్యూటర్ మీద చేస్తే 2000 నాటి ఐటీ చట్టం కింద నేరం. నాన్నగారి డిస్క్ అయినా మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.

పాస్‌వర్డ్ చేతికి వచ్చాక రెండు దారులు. ఒకటి, ఇమేజ్‌ను వర్చువల్ బాక్స్‌కు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పనికొచ్చే డిస్క్‌గా మార్చి, మీ లాప్‌టాప్‌లోనే ఒక కిటికీలో పాత ఎక్స్‌పీని లేపడం. స్టోరేజీ కంట్రోలర్ దగ్గర ఐడీఈ అని ఎంచుకోండి, లేకపోతే నీలం తెర వస్తుంది. ఒక్కోసారి ఐడీఈ పెట్టినా వస్తుంది, డ్రైవర్ల గొడవ అది. లేచిందా, నాన్నగారి పేరు మీద నొక్కి, పాస్‌వర్డ్ కొట్టి, డీలో ఫొటోల ఫోల్డరు తెరవండి. ఫొటోలు తెరుచుకుంటాయి. ఆ ఫోల్డరు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి ఎన్‌క్రిప్ట్ టిక్కు తీసేసి అన్నింటికీ వర్తింపజేయండి. లేదా ఫ్యాట్ 32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేయండి. ఆ పద్ధతికి ఈఎఫ్ఎస్ తెలియదు కాబట్టి తాళం దానంతటదే ఊడిపోతుంది. వీడియోలుంటే గుర్తుంచుకోండి, ఫ్యాట్ 32 మీద 4 జీబీ మించిన ఫైలు పట్టదు. రెండో దారి, ఎక్స్‌పీ ఎంతకీ లేవకపోతే. ఎల్‌కామ్‌సాఫ్ట్ వాళ్ళ అడ్వాన్స్‌డ్ ఈఎఫ్ఎస్ డేటా రికవరీ లాంటి డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఉంది. డిస్క్ చూపించి పాస్‌వర్డ్ ఇస్తే చెవులు అదే వెతుక్కుని తాళాలు తీస్తుంది. దానికీ సీ కావాలి, పాస్‌వర్డూ కావాలి.

మీ సమస్యే కొంచెం కొత్త కంప్యూటర్‌తో ఉన్నవాళ్ళకు ఒక మాట. డిస్క్ తగిలించగానే మొత్తం డ్రైవ్ మీదే తాళం బొమ్మ వచ్చి, 48 అంకెల రికవరీ కీ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డ్రైవ్ మొత్తానికి విండోస్ వేసే తాళం. ఆ లాప్‌టాప్ కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే, కీ చాలావరకు ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఆఫీసు ఐటీవాళ్ళ దగ్గర. తెర మీద కనబడే కీ ఐడీ, అకౌంట్‌లో ఉన్న ఐడీ కలవాలి, ఒకే ఇంట్లో మూడు లాప్‌టాప్‌లుంటే ఇక్కడే తికమక పడతారు. ఎవరో చేత్తో రాసి పెట్టిన కీ అయితే ఒక చిన్న కిటుకు: ఆరేసి అంకెల ఎనిమిది గుంపుల్లో ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా భాగింపబడాలి. భాగింపబడని గుంపులోనే 1ని 7గా చదివారన్నమాట. పాత లాప్‌టాప్ మదర్‌బోర్డు బతికే ఉండి, తెర మాత్రమే పగిలిందా? డిస్క్‌ను తిరిగి దాంట్లోనే పెట్టి టీవీకి కలిపి స్టార్ట్ చేయండి. చెవి ఆ బోర్డు మీది టీపీఎం చిప్‌లో ఉంటుంది, సొంత ఇంట్లో అయితే అది కీ అడగకుండానే తీస్తుంది. అకౌంట్‌లో లేదు, కాగితం మీద లేదు, బోర్డూ పోయిందంటే మాత్రం ఆశ వదులుకోవడమే.

విడి ఫైళ్ళకు పాస్‌వర్డ్ ఉంటే కథ వేరు. వర్డ్ 97 నుంచి 2003 దాకా వాడిన డాక్ ఫైళ్ళ తాళం మామూలుగా 40 బిట్లదే, పాస్‌వర్డ్ ఎంత పొడుగైనా తీయొచ్చు. 2007 నుంచి వచ్చిన డాక్స్ ఫైళ్ళకు ఊహించి కొట్టి చూడటం తప్ప దారి లేదు. జమాఖర్చుల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో కంపెనీ పేరు నక్షత్రాల గుర్తులుగా (****) కనిపిస్తే అది ట్యాలీ వాల్ట్, దానిదీ అదే పరిస్థితి. పీడీఎఫ్ ఈ-ఆధార్ అయితే పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం. బాగా పాతదైతే ఇంటి పిన్ కోడ్ కొట్టి చూడండి.

ఇక నాన్నగారు కథలు రాసేవారని, సీలో వర్డ్ ఫైళ్ళున్నాయని కూడా ఒక వాక్యం రాశారు. వాచ్‌మన్‌ను దాటి వాటిని తెరిచినప్పుడు మీరు కంగారు పడబోతున్నారు, అందుకే ముందే చెబుతున్నాను. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు, ఫ్రెంచి టోపీలు పెట్టుకున్న అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి. ఫైలు పాడైందనో, ఇంకో తాళం ఉందనో అనుకోకండి. అప్పట్లో డీటీపీ వాళ్ళంతా అను ఫాంట్లలాంటి వాటిలో కొట్టేవారు. అవి ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు. ఫాంటు లేని కంప్యూటర్‌లో కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరాలే బయటపడతాయి. వర్డ్‌లో ఆ పాఠం మీద కర్సర్ పెట్టి, పైన ఫాంటు పేరు ఏం చూపిస్తోందో చదవండి. ఆ పేరున్న ఫాంటు పాత సీలో విండోస్ ఫోల్డరు లోపల ఫాంట్స్ అనే ఫోల్డరులో ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చుకుని లాప్‌టాప్‌లో వేసుకుంటే నాన్నగారు కొట్టినట్టే కనబడుతుంది. ముందు ప్రతి కథనూ పీడీఎఫ్‌గా దాచుకోండి, తర్వాత అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వాటిలో వేయండి. వత్తులు అక్కడక్కడ తప్పుతాయి. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని దిద్దుకుంటూ పోవాలి. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైళ్ళయితే కన్వర్టర్లకు తిన్నగా లొంగవు. పైన చెప్పిన వర్చువల్ బాక్స్ ఎక్స్‌పీలో పేజ్‌మేకర్ ఇంకా ఉండే ఉంటుంది, అక్కడే తెరిచి ప్రింటు పీడీఎఫ్‌గా తీసుకోండి.

షాపతను ఫార్మాట్ చేద్దామన్నది ఆ ఫాంట్లున్న డ్రైవ్‌నే. డిస్క్ అతని దగ్గరే ఉంటే ఈ సాయంత్రమే వెళ్ళి తెచ్చుకోండి.